దొరసాని కోసం కాలువ దాటిన మా ఓనరమ్మ

మా ఓనరమ్మ పోయింది. కోదాడ నుంచి ఆమె కూతురు ఫోన్ చేసినప్పుడు నేను బడిలో ఉన్నాను. పిల్లలు ప్రార్థనకు వరుసలు కడుతున్నారు. "టీచర్ గారూ, అమ్మ వెళ్లిపోయిందండీ. పొద్దున టీ ఇద్దామని లేపితే లేవలేదు," అంది. ఆ తర్వాత ఆమె ఏం చెప్పిందో, నేనేం అన్నానో గుర్తు లేదు. హెడ్మాస్టరుకు చెప్పి బస్సెక్కాను. సూర్యాపేటలో మా ఇంటి ముందుకు వచ్చేదాకా కంట్లో చుక్క నీరు రాలేదు. వాకిట్లో పేడనీళ్ల సాన్పి లేదు, ముగ్గు లేదు. వారం రోజులుగా ఆమె ఊళ్లో లేదు కాబట్టి లేవు, అది నాకు తెలిసిందే. అయినా ఆ ఎండిన వాకిలి చూశాకే ఏడ్చాను.

డెబ్భై ఏళ్లు దాటిన మనిషి, ఎవరి చేతా చేయించుకోకుండా నిద్రలో పోయింది, మంచి చావు అని అందరూ అన్నారు. నేనూ తలూపాను. కానీ ఆమెకు చెప్పాల్సిన మాట ఒకటి నా దగ్గర ఉండిపోయింది. ఏడాదిన్నరగా మెట్లు ఎక్కుతూ దిగుతూ, ఇవాళ చెబుదాం రేపు చెబుదాం అనుకున్న మాట. ఇప్పుడు వినడానికి ఆమె లేదు. అందుకని మీకు చెబుతున్నాను. ఆ మాట దాచిపెట్టి మా ఓనరమ్మ ఎలాంటిదో చెప్పడం నా వల్ల కాదు.

ఆ ఇంట్లో మేడమీది పోర్షన్‌లో నేను కిరాయికి దిగి ఏడేళ్లు. ఒక్కదాన్ని, నాతో ఒక పిల్లి. ఇల్లు చూడ్డానికి వెళ్లిన రోజున ఆమె నా జీతం అడగలేదు, కులం అడగలేదు. ఒకసారి ముక్కు ఎగబీల్చి, "పిల్లున్నదా?" అంది. నా కొంగుకు పిల్లి వాసన వచ్చిందట. గొర్రెల మందలో పుట్టి పెరిగిన మనిషి ఆమె. ఏ గొర్రెకు జ్వరం తగిలిందో, ఏది రేపోమాపో ఈనుతుందో దగ్గరికి పోకుండానే వాసన పట్టి చెప్పేదట. "జీవానికి నోరు లేదాయె. మనకు ముక్కన్న ఉండాలె గద బిడ్డా," అనేది.

పెళ్లై పేటకు వచ్చాక ఆ ముక్కే ఆమె ప్రాణం మీదికొచ్చింది. మోరీ వాసన, ఎదురింట్లో పాచిపోయిన కూర వాసన, వాన పడితే గోడల వాసన, అన్నీ అందరికంటే ముందు ఆమెకే తగిలేవి. వాటన్నిటి మీదా ఆమె ఫినాయిల్ పోసేది. పొద్దున లేస్తే వాకిట్లో సాన్పి, అది అయ్యాక ఇంట్లో ఫినాయిల్. గడపలకు, మెట్లకు, మోరీకి, చివరికి నల్లా కింద గచ్చుకు కూడా. ఆ ఇంట్లో ఉన్న మూడో నెలకల్లా నాకు ఫినాయిల్ వాసన తెలియడం మానేసింది. ఈ సంగతి తర్వాత పనికొస్తుంది, అందుకే చెబుతున్నాను.

నా పిల్లి పేరు దొరసాని. నిన్నటి అన్నం ముట్టదు, పిలిస్తే రాదు, తోక పైకెత్తి నడుస్తుంది. ఆ పేరు అందుకే పెట్టాను. మూడు బదిలీలు నాతో తిరిగింది. ఓనరమ్మకూ దానికీ ఒక ఒప్పందం ఉన్నట్టుండేది. అది కిందికి దిగకూడదు, ఈమె దాన్ని ముట్టదు. పేరు పెట్టి పిలిచేది కూడా కాదు, ఎప్పుడూ "నీ పిల్లి" అనే. అయితే ఇంట్లో చేపలు వండిన రోజున తలకాయలు ఒక గిన్నెలో పెట్టి మెట్ల మీద వదిలేది. "పారేసేటియేలే," అనేది, నేను థ్యాంక్స్ చెప్పకముందే.

దొరసాని దొడ్డికి, ఒంటికి పోవడానికి వరండాలో ఒక ప్లాస్టిక్ టబ్బు ఉండేది. అందులో ఊక. మా తమ్ముడు మిర్యాలగూడలో రైసుమిల్లులో పనిచేస్తాడు. వచ్చినప్పుడల్లా ఒక బస్తా ఊక తెచ్చి పడేసేవాడు. పద్నాలుగేళ్లలో అది ఒక్కసారి కూడా ఆ టబ్బు బయట ఖరాబు చేయలేదు. బడిలో పిల్లలకు శుభ్రత పాఠం చెప్పేటప్పుడు మా పిల్లిని ఉదాహరణగా చెప్పేదాన్ని. పొగరు ఊరికే పోదు కదా.

ఒక చలికాలంలో మొదలైంది. ముందు టబ్బు పక్కన గచ్చు మీద. తర్వాత కాళ్లు తుడుచుకునే పట్టా మీద. ఆ తర్వాత దిద్దడానికి తెచ్చిన ఏడో తరగతి పేపర్ల కట్ట మీద. తిట్టాను. ఒకసారి కొట్టాను కూడా. మూతి పట్టుకుని ఆ తడిలో రుద్దాను. ఎవరో అలా చేస్తే బుద్ధొస్తుందన్నారు. ఊక బయటికి చిందుతోందని, అంచులు ఎత్తుగా ఉన్న పెద్ద టబ్బు కొన్నాను. దాంతో ఇంకా ఎక్కువైంది. పిల్లి మెట్ల మీద పోయడం మొదలుపెట్టింది.

మా గల్లీలో సలహాలకు కొదవ లేదు. ముసలిదై మతి పోయిందని ఒకరు. "పిల్లి పగ పట్టిందంటే గంతే టీచరమ్మా, కావాల్నని చేస్తది," అని ఇంకొకరు. ఎదురింటామె మాత్రం అందరూ అనేదే అంది. "కాలువ దాటిచ్చి రా. నీళ్లు దాటిన పిల్లి మళ్ల మలిగి రాదు." మా వైపు పిల్లిని వదిలేసే పద్ధతి ఇదే. సంచిలోనో బుట్టలోనో వేసి, ఏదో ఒక కాలువ దాటించి వదిలేస్తారు. ఇంటి దారి దానికి తెలియదని నమ్మకం. నేను నవ్వి ఊరుకున్నాను.

ఓనరమ్మ మూడు నెలలు ఓపిక పట్టింది. మెట్లు రోజుకు రెండుసార్లు కడుక్కుంది. నల్లా దగ్గర నలుగురిలో, "ఇల్లు కంపు లేస్తున్నది, ఎవరికి చెప్పుకోవాలె," అని వాపోయింది కానీ నా మొహం మీద అనలేదు. ఆ ఓపిక ఒక బొంతతో అయిపోయింది.

ఆ బొంత ఆమె చేత్తో కుట్టుకున్నది. పైన ఆమె పాత చీరలు, లోపల పొరలు పొరలుగా చనిపోయిన భర్త ధోతులు, ఆయన తలకు చుట్టుకునే రుమాళ్లు. చలి పోయాక ఎండలో వేసి మడత పెట్టేది. ఆ రోజు కూడా ఎండలో వేసి, మడిచి, మెట్ల మీద పెట్టి లోపలికి వెళ్లింది. వచ్చేసరికి దొరసాని దాని మీద కూర్చుని పని కానిచ్చేసింది. ఓనరమ్మ అరవలేదు. నల్లా కింద కూర్చుని బొంతను ఉతుకుతూనే ఉంది. తడిసిన బొంత బరువు మీకు తెలుసు. నేను పిండబోతే వద్దని చెయ్యి అడ్డం పెట్టింది.

సాయంత్రం పైకి వచ్చింది. నేను ఇంట్లో ఉన్నప్పుడు ఆమె పైకి రావడం తక్కువ. గుమ్మం బయటే నిలబడి అంది. "టీచరమ్మా, నువ్వు మంచిదానివే. నాకు నీతోని పంచాయితీ లేదు. గని ఇగ ఈ పిల్లి గీడ వద్దు. అది పోతె నువ్వుండు. లేకుంటె ఇద్దరు వేరే ఇల్లు సూసుకోండ్రి."

"మా తమ్మునింటికాడ వదిలేస్త అమ్మా," అన్నాను వెంటనే.

తమ్ముడి భార్యకు ఫోన్ చేస్తే, "వద్దు వదినె, మా ఇంట్ల చంటిపిల్లలున్నరు, గా ముసలి పిల్లితోని నేనేడ పరేషాన్ కావాలె," అంది. ఆమె తప్పేం లేదు. తమ్ముడికి ఆ మాట చేరిందో లేదో కూడా నాకు తెలియదు. వేరే ఇల్లు వెతుక్కోవచ్చు. ఇంకో వారం గడువు అడగొచ్చు. ఆమె ఇచ్చేదే. కానీ నిజం చెబుతాను. నేనూ విసిగిపోయాను. ఇంటికి ఎవరైనా వస్తారంటే భయం, నా చీరలకు వాసన వస్తుందేమోనని బస్సులో భయం. పద్నాలుగేళ్లు నాతో ఉన్న ప్రాణిని వదిలించుకోవాలని నాలో ఒక మూల అనిపించింది. ఓనరమ్మ మాట దానికి సాకు అయింది.

ఆదివారం కూరగాయల బుట్టలో దాన్ని కూర్చోబెట్టి, పైన పాత చున్నీ కట్టి మిర్యాలగూడ బస్సెక్కాను. ఊరు ఇంకా రాకముందే, కాలువ వంతెన దాటాక, ఒక రైసుమిల్లు దగ్గర దిగిపోయాను. మిల్లు వెనక కాలువ గట్టు, గట్టు కింద ఊక గుట్టలు. మిల్లు కదా, ఎలుకలుంటాయి, బతుకుతుంది అనుకున్నాను. దానికి మిగిలినవి నాలుగైదు పళ్లు. బుట్ట తెరిస్తే బయటికి రాలేదు. వంచితే జారి దిగింది. నా వైపు చూడలేదు. మెల్లగా నడిచి ఊక గుట్ట వాసన చూసి, ముందు కాలితో గుంట తీసి, పద్ధతిగా కూర్చుంది. అయిపోయాక ఊకతో పూడ్చింది. మూడు నెలలుగా ఇంట్లో చేయని పని.

అది చూసి నాకు అర్థం కావాల్సింది. కాలేదు సరికదా ఒళ్లు మండింది. అన్నీ తెలుసు దీనికి, కావాలనే చేసింది అనుకున్నాను. ఆ కోపం నాకు బాగా పనికొచ్చింది. వెనక్కి తిరిగి చూడకుండా వచ్చే బస్సెక్కి కూర్చున్నాను. ఇంటికి వచ్చి ఓనరమ్మతో, "తమ్మునింటికాడ మంచిగ కలిసిపోయింది," అని చెప్పాను.

అయిదో రోజో ఆరో రోజో, ఓనరమ్మ తన తమ్ముడి గొర్రెలకు పురుగులు పోయే నట్టల మందు కోసం పశువుల దవాఖానకు వెళ్లింది. మందు తీసుకుంటూ మాటవరసకు డాక్టరమ్మను అడిగిందట, ముసలి పిల్లి ఎక్కడ పడితే అక్కడ ఎందుకు పోస్తుందని. డాక్టరమ్మ ఎదురు ప్రశ్నలు వేసిందట. టబ్బు ఎంత ఎత్తుంది, పిల్లికి కీళ్ల నొప్పులున్నాయా, పోసేటప్పుడు మూలుగుతుందా, టబ్బు దేనితో కడుగుతారు? ఆ చివరి ప్రశ్న వినగానే మా ఓనరమ్మ మందు సంచి తమ్ముడి చేతిలో పెట్టి సీదా ఇంటికి వచ్చింది.

విషయం ఏమిటంటే, ఆ చలికాలం మొదలైనప్పటి నుంచి, నేను పొద్దున బడికి వెళ్లగానే ఆమె పైకి వచ్చి టబ్బు కడిగేది. నాకు తెలియదు. ఒంటరి మనిషి, పొద్దున ఉరుకులు పరుగులు, పాపం అని. ఊక పారబోసి, టబ్బు నిండా ఫినాయిల్ పోసి నానబెట్టి కడిగి, బస్తాలోంచి కొత్త ఊక పోసి పెట్టేది. నా ముక్కుకు ఆ వాసన తెలియడం ఎప్పుడో మానేసింది కదా. పిల్లికి మానలేదు. కీళ్ల నొప్పితో ఆ ఎత్తు అంచు ఎక్కి, కళ్లు మండే ఆ వాసనలో కూర్చోలేక అది బయటికి వచ్చింది. ఎత్తు టబ్బు నాది, ఫినాయిల్ ఆమెది.

ఆ సాయంత్రం నల్లా నీళ్లు వచ్చే వేళకు గల్లీ ఆడవాళ్లందరూ బిందెలతో ఉన్నారు. నేనూ ఉన్నాను. ఓనరమ్మ బిందె కింద పెట్టి నిలబడింది. "ఇటు ఇనండ్రి. టీచరమ్మ పిల్లి ఇల్లు ఖరాబు చేస్తున్నదని మీకందరికి నేనే చెప్పిన. అది పిల్లి తప్పు కాదు. నేను రోజు దాని టబ్బుల ఫినాయిల్ పోసిన. తప్పు నాది," అంది. ఎవరో నవ్వి, "పిల్లి ముచ్చటకు ఇంతనా పెద్దమ్మా," అన్నారు. "నలుగురిట్ల అన్న మాట నలుగురిట్లనే ఎనకకు తీస్కోవాలె. తప్పైందంటె తల తెగి పడతదా?" అంది ఆమె. నా వైపు తిరిగి, "రేపు పోయి తోల్కరా బిడ్డా," అంది.

నేను చెప్పాల్సిన సమయం అదే. అందరూ ఉన్నారు, ఆమె దారి చూపించింది. ఊరికే ఆమె వెనక నిలబడి 'నాదీ ఒక తప్పుంది' అంటే సరిపోయేది. నేనేమన్నానో తెలుసా? "గాడ అలవాటు పడ్డదమ్మా, ఉండనీ," అన్నాను.

"అలవాటెట్ల పడతది, వారం గూడ గాలె. నువ్వు బడికి పో. నేనే పోయి తెస్త," అంది.

మర్నాడు మధ్యాహ్నం బడిలో ఉండగా తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, మీ ఓనరమ్మ మా మిల్లు కాడికొచ్చింది. పిల్లేది అంటది. ఏం పిల్లి? మా ఇంటికి ఏ పిల్లి రాలేదమ్మా అని చెప్పిన. ఏమన్న తప్పు జెప్పిన్నా?"  "లేదు తమ్మీ," అని ఫోన్ పెట్టేశాను. సాయంత్రం ఇంటికి వెళ్లాలంటే భయమేసి చీకటి పడేదాకా బస్టాండులో కూర్చున్నాను. వెళ్లేసరికి ఆమె అరుగు మీద మోకాళ్లకు నూనె రాసుకుంటోంది. ఏమంటుందోనని నిలబడ్డాను. "మా తమ్ముని బిడ్డకు పానం బాగలేదు. రేపు గూడ ఊరికి పోవాలె," అంది, అంతే. పిల్లి మాటే ఎత్తలేదు.

మూడో రోజు సాయంత్రం ఆటో దిగింది. చీర కుచ్చిళ్ల దాకా మట్టి, జుట్టు నిండా ఊక పొట్టు. కొంగులో మూటలాగా దొరసాని. సగం అయిపోయి ఉంది, ఒక చెవి చిరిగింది. ఎదురింటామె పరుగెత్తుకొచ్చి, "ఏడ దొరికిందమ్మా?" అని అడిగింది.

"ఏడ దొరుకుడేంది? టీచరమ్మ తమ్మునింటికాడనే ఉన్నది. పాపం మంచిగనే సూస్కుండ్రు. నేనే గుంజుకొచ్చిన," అంది మా ఓనరమ్మ. నా మొహం చూడకుండా పిల్లిని నా చేతుల్లో పెట్టింది. "అంతే గద టీచరమ్మా?"

"అవునమ్మా," అన్నాను. ఇన్నేళ్ల జీవితంలో అంత సిగ్గులేని మాట నేను ఇంకోటి అనలేదు. తమ్ముడు నాకు ఫోన్ చేశాడని ఆమెకు తెలియదు. నేను వదిలేశానని ఆమెకు తెలుసు. ఉన్నదున్నట్టు మాట్లాడి సగం గల్లీతో మాటలు పోగొట్టుకున్న మనిషి నా పరువు కోసం అబద్ధమాడింది. నేను ఆ అబద్ధం వెనక నక్కి కూర్చున్నాను.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఫినాయిల్ లేదు. డాక్టరమ్మ దగ్గరికి ఆమే తీసుకెళ్లింది. మూత్రంలో మంట కూడా ఉందని తేలింది, మందులు రాసిచ్చారు. ఆ ఎత్తు టబ్బును ఓనరమ్మ వేడి కత్తితో ఒక పక్క కోసి, బెత్తెడు ఎత్తు మాత్రం ఉంచింది. అంచు గీరుకోకుండా పాత గుడ్డ చుట్టి కుట్టింది. పైన ఒక టబ్బు, కింద తన మెట్ల పక్కన ఇంకో టబ్బు. "రెండెందుకమ్మా?" అంటే, "ముసలిదానికి గడప గూడ గుట్టే. నడిమిట్ల తొందరైతె మెట్లెక్కుతదా?" అంది. కుంకుడు నీళ్లతో కడిగేది. కడిగాక టబ్బును ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేది. కంపు ఉందేమోనని కాదు, ఏ వాసనా లేకుండా అయిందా అని.

రోజూ నేను బడికి బయల్దేరేటప్పుడు మెట్ల దగ్గర నిలబడి దొరసాని విశేషాలు చెప్పేది. "ఇయ్యాల మంచిగ పోసింది." "నిన్న దొడ్డికి రాలె, జర గుమ్మడికాయ ఉడకబెట్టి కలిపి పెట్టిన." మధ్యలో రెండుసార్లు అది మళ్లీ తప్పింది, ఒకసారి ఆమె మంచం కిందే. గచ్చు తుడుచుకుంటూ, "మందు అయిపోయినట్టున్నది, దాని పానానికి ఏమైందో," అని దవాఖానకు బయల్దేరింది తప్ప ఒక్క మాట అనలేదు. మళ్లీ చలికాలం వచ్చేసరికి ఆ బొంత మీద ఇద్దరూ పడుకునేవారు. ఆమెకు మోకాళ్లు, దానికి మోకాళ్లు. లేచేటప్పుడు ఇద్దరూ ఒకేలా మూలిగేవారు.

చెబుదామని ఎన్నిసార్లు దిగానో. ఒకసారి ఆమె బియ్యం చెరుగుతుంటే పక్కన కూర్చుని, "అమ్మా, ఆ దినం దొరసానిని..." అని మొదలుపెట్టాను. చేట ఆపకుండానే, "ఇంట్లనే ఉన్నది గద బిడ్డా," అంది. నేను లేచి వచ్చేశాను. ఆమె ఆపిందని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి ఆమె ఆపినందుకు సంతోషించాను.

కోదాడలో మనవరాలి ఓణీల ఫంక్షన్‌కు వెళ్లే రోజున బస్టాండు దాకా సంచి నేనే మోశాను. ఎందుకో ఆ రోజు గట్టిగా అనుకున్నాను. కోదాడ బస్సు ప్లాట్‌ఫారం మీదికి వస్తుండగా, "అమ్మా, నీకొక మాట చెప్పాలె," అన్నాను. కిటికీ పక్క సీటు కోసం ఆమె తొందరలో ఉంది. "వచ్చినంక చెప్పుదువు. టబ్బు కడుగుడు మరవకు," అంది. కిటికీలోంచి చెయ్యి ఊపింది కూడా. వారం తర్వాత ఆమెను అంబులెన్సులో తీసుకొచ్చారు.

పదో రోజున భోజనాల దగ్గర గల్లీ అంతా ఆమె గురించే మాట్లాడుకుంది. నల్లా దగ్గర ఆమె తప్పు ఒప్పుకున్న ముచ్చట మళ్లీ వచ్చింది. "నోట్ల అబద్ధమన్నది లేని మనిషి," అని ఎదురింటామె కళ్లు తుడుచుకుంది. కూతురు కూడా, "మా అమ్మ చచ్చినా అబద్ధం చెప్పేది కాదండీ," అంది.  విస్తరి మడిచి లేచి చెయ్యి కడుక్కున్నాను. కూతురు కోదాడ వెళ్తూ కింది ఇంటి తాళంచెవి నాకిచ్చింది. "దొరసానికి కిందే అలవాటు కదండీ, తలుపు తీసి ఉంచండి," అంది. పదహారేళ్లు దగ్గరపడిన ఆ పిల్లి రోజూ పొద్దున ఆ మంచం చుట్టూ ఒకసారి తిరిగి, వాసన చూసి, తన టబ్బు దగ్గరికి పోతుంది.

పోయిన వారం ఊక అయిపోయింది. తమ్ముడికి రావడం కుదరలేదు, నేనే బయల్దేరాను. కాలువ వంతెన దాటాక, ఎందుకు దిగానో తెలియదు, ఆ మిల్లు దగ్గర దిగిపోయాను. ఏడాదిన్నర తర్వాత మళ్లీ అదే చోట నిలబడ్డాను. వాచ్‌మన్ వచ్చి, "ఏం గావాలె మేడం?" అన్నాడు.

"కొంచెం ఊక కావాలె. పిల్లికి," అన్నాను.

అతను నవ్వాడు. "మళ్ల పిల్లేనా? నిరుడు గిట్లనే ఒక ముసలమ్మ పిల్లి కోసమని గీడికొచ్చింది. కాలువ పొంటి ఉన్న మిల్లులన్ని తిరిగిందట. పిల్లిని వదిలేటోళ్లు కాలువ దాటిచ్చే వదులుతరు, గీ సుట్టుపక్కలనే ఉంటదని ఆమె లెక్క. మూడు రోజులు వరసగ వచ్చి గా గట్టు మీద కూసున్నది. గిన్నెల పాలు పోసి, దొరసానీ, దొరసానీ అని పిలుసుడు. గీ దొరసాని ఎవరో అని మా హమాలోళ్లు ఒకటే నవ్వుడు."

అతను బస్తాలోకి ఊక ఎత్తుతూ చెబుతున్నాడు.

"మూడో దినం దొరికింది. బొక్కలు తేలి ఉన్నది. గది సూసి మా హమాలోళ్లకు కోపమొచ్చింది. గింత ముసలిదాన్ని ఎవరు వదిలిండ్రే, వాళ్లకు చేతులెట్లొచ్చినయ్ అని అడిగిండ్రు. ఆమె, నేనే వదిలిన అయ్యా, బుద్ధి లేక వదిలిన అన్నది. ఇగ సూడు, నోటికొచ్చినట్టు తిట్టిండ్రు. నీకు ముసలితనం రాలేదా, నిన్ను గిట్లనే కాలువ దాటియ్యాలె అని. ఒక్క మాట ఎదురు చెప్పలే పాపం. పిల్లి పాలు తాగేదాక తల ఒంచుకొని అన్ని పడ్డది."

"ఆమె కాదు. వదిలింది నేను," అన్నాను.

అతని చేతిలో పార ఆగింది. నా వైపు చూశాడు. నన్ను కూడా తిడితే బాగుండేది. బస్తా మూతి కట్టి నా ముందు పెట్టి, చేత్తో గట్టు వైపు చూపించాడు, ఆమె కూర్చున్నది అక్కడే అన్నట్టు. గట్టు మీద ఎండ తప్ప ఏమీ లేదు. నాకు మాత్రం ఆమె కనబడింది. మోకాళ్ల నొప్పితో కాళ్లు బారజాపుకుని, ఒళ్లో పిల్లిని పెట్టుకుని, నా మీద పడాల్సిన తిట్లన్నీ పడుతూ, పాల గిన్నె ఒలకకుండా రెండు చేతులతో పట్టుకుని కూర్చుని ఉంది.